పిల్లల ఐసీయూకు యంత్రం ఇవ్వాలా, దానిని నడిపే ఖర్చు ఇవ్వాలా?

చర్చ ప్రారంభించినవారు (మలక్‌పేట)

మా కాలనీ సంఘం 7 లక్షల రూపాయలు పోగుచేసింది. ప్రభుత్వ పిల్లల ఆసుపత్రిలోని ఐసీయూకు వెంటిలేటరు కొనివ్వాలని సగంమంది, ఆ సొమ్మును ఇప్పటికే అక్కడున్న యంత్రాల మరమ్మతులకూ విడిభాగాలకూ ఇవ్వాలని మిగతా సగంమంది పట్టుబడుతున్నారు. ఆదివారం సమావేశం ఉంది. ఈ పని తెలిసినవారు తమ అభిప్రాయం చెప్పగలరు.

బయోమెడికల్ ఇంజనీరు

రెండో పక్షం మాటే సరైనదని నా అభిప్రాయం. ప్లగ్గు పెట్టగానే పనిచేసే వస్తువుగా దాతలు వెంటిలేటరును ఊహించుకుంటారు. దానికి గోడలోని పైపు నుంచి తగినంత ఒత్తిడితో ఆక్సిజన్ రావాలి, కరెంటు పోయినా ఆగకుండా చూసే ఏర్పాటు ఉండాలి, నెలల పసికందుకు సరిపడే సన్నని గొట్టాల సర్క్యూటు విడిగా ఉండాలి. చాలా యంత్రాల్లో ఆక్సిజన్ శాతాన్ని కొలిచే ఆక్సిజన్ సెల్ రసాయన చర్యతో పనిచేస్తుంది కనుక, యంత్రాన్ని వాడకుండా మూల పెట్టినా అది అరిగిపోతూనే ఉంటుంది. అది పోయాక తెరమీద కనిపించే ఆక్సిజన్ శాతాన్ని నమ్మడానికి వీల్లేదు.

ఐదుగురు దాతలు ఐదు కంపెనీల యంత్రాలు ఇచ్చినచోట ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఒకదాని ఫ్లో సెన్సారు (గాలి ప్రవాహాన్ని కొలిచే భాగం) మరొకదానికి పట్టదు, నర్సులు ఐదు రకాల అలారాలు నేర్చుకోవలసి వస్తుంది. కోవిడ్ కాలంలో పీఎం కేర్స్ నిధితో రాష్ట్రాలకు పంపిన వెంటిలేటర్లలో కొన్ని వాడకుండా పడి ఉన్నాయని వార్తలు వచ్చిన మీదట, వాటి అమరికపైనా పనితీరుపైనా ఆడిట్ జరపాలని 2021 మే నెలలో ప్రధాని ఆదేశించారు. పైగా వెంటిలేటరు మీదున్న బిడ్డను కనిపెట్టుకుని ఒక నర్సు ఎప్పుడూ పక్కనే ఉండాలి. నర్సు జీతానికి శిలాఫలకం వేయించరు కాబట్టి ఆ ఊసు ఎవరూ ఎత్తరు.

ఉప్పల్ నుంచి ఒక తల్లి

ఇంజనీరు గారూ, మీ లెక్క తప్పని నేను అనను. కానీ కొన్నేళ్ల క్రితం ఒక ఆసుపత్రిలో (పేరు చెప్పను) వెంటిలేటరు ఖాళీ లేక, మా పాపకు రాత్రంతా నేనూ మా ఆయనా వంతులు వేసుకుని అంబు బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) నొక్కాము. తెల్లవారేసరికి వేళ్లు ముడుచుకోలేదు. లయ తప్పితే ఏమవుతుందో నర్సమ్మ ముందే చెప్పి ఉంది. ఆ రాత్రి ఏ కంపెనీ యంత్రమని నేను అడిగి ఉండేదాన్ని కాదు. యంత్రమే లేనిచోట నిర్వహణ గురించి మాట్లాడి ఏం లాభం?

రెడ్‌హిల్స్ నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

హైదరాబాద్‌లోని మన నీలోఫర్ పిల్లల ఆసుపత్రినే చూడండి, అది 1953లో మొదలైంది. తన పరిచారిక ప్రసవంలో చనిపోయిన దుఃఖంతో నిజాం కోడలు యువరాణి నీలోఫర్ పట్టుబట్టగా అది వెలిసిందని మా వీధిలో పిల్లలకు కూడా తెలుసు. కానీ ఏడు దశాబ్దాలుగా దానిని నడిపినది ప్రభుత్వ బడ్జెట్టే. మరమ్మతులు కూడా కాలనీ సంఘాలు చూసుకుంటే ఆ పద్దు కింద డబ్బు అడిగేవారు ఉండరు. ఇక కంపెనీలంటారా, వాటి సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత కింద వెచ్చించే) సొమ్ముతో వస్తువులు కొనవచ్చునే గాని నడిపే ఖర్చులకు ఇవ్వకూడదని విన్నాను.

ఒక చార్టర్డ్ అకౌంటెంట్

ఆ చివరి మాట అపోహ, మాస్టారూ. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ కిందికి వచ్చే సంస్థలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలి. 2021లో సవరించిన నిబంధనల ప్రకారం, మొదలుపెట్టిన ఆర్థిక సంవత్సరం కాక మరో మూడేళ్ల వరకు సాగే ప్రాజెక్టును చేపట్టవచ్చు. కనుక యంత్రంతోపాటు దాని నిర్వహణ ఒప్పందాన్నీ అదే ప్రాజెక్టులో చేర్చవచ్చు. నేను చూసినంతవరకు దీనికి అడ్డుపడేది చట్టం కాదు, ప్రారంభోత్సవపు ఫొటో.

చర్చ ప్రారంభించినవారు

ఉప్పల్ అమ్మగారి మాట చదివాక, యంత్రం వద్దనడానికి నాకు నోరు రాలేదు. అలాగని ఇంజనీరు గారి మాటను పక్కన పెట్టనూ లేను. అందుకే సమావేశానికి ముందే ఆసుపత్రి సూపరింటెండెంటు గారికి ఉత్తరం రాశాను. ప్రస్తుతం అక్కడ ఏ కంపెనీ వెంటిలేటర్లు నడుస్తున్నాయి, ఎన్ని ఏ భాగం లేక ఆగిపోయాయి, కొత్తది ఇస్తే దాన్ని చూసుకునే నర్సు ఉన్నారా అని అడిగాను. ఆగిపోయినవి ఉంటే సొమ్ము ముందు వాటికే వెళ్లాలని, లేకపోతే అదే కంపెనీ యంత్రాన్ని నిర్వహణ ఒప్పందంతో సహా కొనాలని ప్రతిపాదిస్తాను. ఒప్పందం ఖర్చు కలిపితే 7 లక్షలు చాలకపోవచ్చు. అప్పుడు మళ్లీ ఇంటింటికీ తిరగవలసిందే. జవాబు రాగానే ఇక్కడ పెడతాను.