అరగంట వానకే కమోడ్‌లోంచి మురుగు తన్నుతోంది, సలహా చెప్పండి

హైదరాబాద్ టోలిచౌకిలో పల్లంలో ఉన్న వీధి, కింది పోర్షన్ మాది. 2020 అక్టోబర్ 13 రాత్రి మోకాళ్ల లోతు నీళ్లు వచ్చాయి. అది గంటల తరబడి కురిసిన వాన. ఇప్పుడు అరగంట దంచికొడితే చాలు, గుమ్మంలోకి నీళ్లు రాకముందే బాత్రూమ్ కమోడ్‌లోంచి మురుగు పైకి తన్నుతోంది. రోజు మొత్తంలో ఎన్ని సెంటీమీటర్లు పడిందన్నది కాదు, 15 నిమిషాల్లో ఎంత పడిందన్నదే మాకు లెక్క. అమ్మకి 74 ఏళ్లు, మంచం దిగలేదు. మబ్బు పడితేనే టెన్షన్.

ప్లంబర్ నాన్ రిటర్న్ వాల్వ్ (నీళ్లని బయటికి పోనిచ్చి, వెనక్కి రానివ్వనిది) పెట్టమంటున్నాడు. మురుగు లైన్‌కి పెట్టించినవాళ్లు దయచేసి చెప్పండి. చెత్త ఇరుక్కుని మూసుకోకుండా ఉండిపోతుందా? వాల్వ్ మూసుకున్నప్పుడు పై పోర్షన్ వాళ్లు వాడిన నీళ్లు మా బాత్రూమ్‌లోకే రావా? మురుగు పైపులు కలిసే ఛాంబర్‌కి ముందు పెట్టాలా, తర్వాతా?