సోమవారం జాయినింగ్. ఆఫీసులో సిగరెట్ సంగతేంటి?

కొత్త కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఇంగ్లండ్ వచ్చి పది రోజులైంది, సోమవారం ఆఫీసులో చేరుతున్నాను. రోజుకు నాలుగైదు సిగరెట్లు అలవాటు. మానేయమని మాత్రం చెప్పకండి, ఇంట్లో చెప్తూనే ఉన్నారు. ఆఫీసు వెనకాల రేకుల షెడ్డు ఒకటుంది, అక్కడ కాల్చొచ్చా? వేప్, అదే ఈ-సిగరెట్ అయితే లోపలే పర్వాలేదా?

మాంచెస్టర్ మామ:
తమ్ముడూ, 2007 జులై 1 నుంచి ఇక్కడ ఆఫీసు, పబ్బు, రెస్టారెంటు, బస్సు ఎక్కడైనా లోపల ముట్టించకూడదు. పట్టుబడితే 50 పౌండ్లు. అంతకుముందు పబ్బుకెళ్లొస్తే చొక్కా రెండుసార్లు ఉతికినా వాసన పోయేది కాదు.

అసలు నువ్వు అడగాల్సింది ఆఫీసు గురించి కాదు, ఇంటి గురించి. నేను ఫ్లాటులో ఒక్కటి కూడా కాల్చలేదు. మెట్ల దగ్గర కిటికీ తీసి, తల బయటపెట్టి కాల్చేవాణ్ని. పై ఫ్లాటు ఆవిడ ఏజెంటుకు మెయిల్ కొట్టింది. మన గది మనది గానీ అందరూ నడిచే మెట్లు, లిఫ్టు మనవి కావట. అక్కడ క్లీనర్ పనిచేస్తుంది కాబట్టి అదీ పనిచేసే చోటేనట. సరే, మానేశాను. ఖాళీ చేసేటప్పుడు మొదలైంది గొడవ. గోడలకు పొగ పట్టింది, మొత్తం పెయింటు వేయించాలి, కర్టెన్లు ఉతికించాలి అని లెక్క రాసి, ఐదు వారాల అద్దె డిపాజిట్‌లో ఒక్క పెన్నీ రాదన్నారు. రెండు రాత్రులు నిద్ర లేదు. మా ఆవిడ సాధింపు వేరే. చివరికి డిపాజిట్ స్కీములో, అంటే అద్దె డిపాజిట్‌ను కాపాడే సంస్థలో, డిస్ప్యూట్ వేశాను, దానికి ఫీజేమీ లేదు. నేను చేరిన రోజు తీసిన ఫొటోల్లోనే గోడలు పసుపెక్కి ఉన్నాయి. అవి పెట్టాను. నిరూపించుకోవాల్సింది ఓనరు, మనం కాదు. దాదాపు అంతా తిరిగొచ్చింది. తాళం చేతికి రాగానే ప్రతి గోడకీ ఫొటో తియ్యి, బీరువా వెనక కూడా.

పాత కాపు:
మామగారూ, కుర్రాడు షెడ్డు గురించి అడిగితే మీరు బీరువా వెనక్కి వెళ్లారు. ఆ 50 కూడా, 15 రోజుల్లో కట్టేస్తే 30. కట్టకుండా కోర్టు దాకా పోతే 200 వరకు. చూస్తూ ఊరుకున్న యజమానికి మాత్రం 2,500 దాకా పడుతుంది. మేనేజర్లు అంత స్ట్రిక్టుగా ఉండేది అందుకే. షెడ్డు సంగతంటావా, పైకప్పు ఉండి, గోడల్లో తెరిచి ఉన్న భాగం సగం కన్నా తక్కువైతే అది 'లోపల' కిందే లెక్క.

లెస్టర్ అక్క:
కిటికీలన్నీ తీసిపెడితే సగం వచ్చేస్తుంది. మా డిపోలో అలాగే చేస్తారు.

పాత కాపు:
అక్కా, తీసి మూయగలిగే కిటికీలు, తలుపులు లెక్కలోకి రావు. మీ డిపోకి కౌన్సిల్ వాళ్లు, అదే ఇక్కడి మున్సిపాలిటీ వాళ్లు, ఇంకా తనిఖీకి రాలేదంతే.

లెస్టర్ అక్క:
పదేళ్లుగా రాలేదు మరి.

మాంచెస్టర్ మామ:
కంపెనీ వ్యాన్‌లో మాత్రం ఒక్కడివే ఉంటే పర్వాలేదు.

పాత కాపు:
ఎవరు చెప్పారండీ? ఆ వ్యాన్ మీరొక్కరే వాడితే సరే. ఇద్దరు వాడే బండి అయితే, వేర్వేరు షిఫ్టుల్లో అయినా సరే, ఎప్పుడూ కాల్చకూడదు. టాప్ పూర్తిగా తీసేసి ఉన్న కారైతే వదిలేస్తారు, కానీ అలాంటి కారు మనకు ఏ కంపెనీ ఇస్తుంది? సొంత కారులో కూడా 18 ఏళ్లలోపు పిల్లలుంటే కుదరదు, 2015 అక్టోబర్ నుంచి.

తమ్ముడూ, వేప్ ఆ 2007 నిషేధంలో లేదు. అలాగని డెస్కు దగ్గర తీయకు. ఆఫీసు తన రూలు తాను పెట్టుకోవచ్చు, చాలా చోట్ల వద్దనే ఉంటుంది. హ్యాండ్‌బుక్ చదువు. ఇంకోటి, సిగరెట్ బ్రేక్ అనే హక్కు ఎక్కడా లేదు. ఆరు గంటలకు మించి పనిచేస్తే 20 నిమిషాల బ్రేక్ ఉంటుంది, అందులోనే నీ టీ, నీ సిగరెట్.

కొత్త కుర్రాడు:
థాంక్స్ అన్నా. ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను. రేకు పైకప్పు, మూడు వైపులా గోడ, ముందు వైపు ఒక్కటే ఖాళీ.

పాత కాపు:
నాలుగు వైపులూ సమానమైతే తెరిచి ఉన్నది నాలుగో వంతే. కుదరదు.

మాంచెస్టర్ మామ:
పక్కన చెట్టేమైనా ఉందా?

కొత్త కుర్రాడు:
ఉంది మామా. ఆకుల్లేవు.