మే నెలలో నాయనను తిరుపతికి పిలిపించొచ్చా, ఒంగోలుకు పంపాలా?

కొర్లగుంట కోడలు:
మా నాయనకు డెబ్బై దాటింది. మదనపల్లె దగ్గర పల్లెలో ఉంటాడు, ఇంకా టమోటా తోటలోకి పోతూనే ఉంటాడు. మోకాళ్లు చూపించడానికి మే నెలలో తిరుపతికి రమ్మన్నాం. ఒంగోలులో ఉండే మా చెల్లెలేమో 'సముద్రం పక్కన ఎండ తక్కువ, మా ఇంటికే పంపించు' అంటోంది. రేణిగుంటలో 42, 43 చూస్తూనే ఉంటాం, నిజమే. కానీ 2015లో వడదెబ్బకు ఎక్కువ మంది పోయింది ప్రకాశం, గుంటూరు వైపే కదా? మన చిత్తూరు వైపు తక్కువే. ఎండ ఇక్కడైతే చావులు అక్కడెందుకు?

పాత నర్సమ్మ:
అంకె ఒక్కటే చూడొద్దు తల్లీ. ఒంగోలులో మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగితే ఎండ తగ్గుతుంది. పడమటి గాలి గట్టిగా తోలిన రోజు ఆ గాలి ఊళ్లోకి రాదు, వేడి అమాంతం పెరుగుతుంది. 2015 మే ఆఖరులో అయింది అదే. ఆ ఏడు మన రాష్ట్రంలో పోయినవాళ్లు వెయ్యి మందికి పైనే. అలవాటుకు మించిన వేడే మనిషిని కొట్టేది. వాతావరణ శాఖ కూడా అందుకే వడగాలికి మైదానంలో 40, తీరంలో 37, కొండల్లో 30 అని వేరువేరు హద్దులు పెట్టింది. 2003లో పారిస్‌లో 40 కూడా దాటలేదు, మనకది ఏప్రిల్ ఎండ. ఫ్రాన్సులో సుమారు 15 వేల మంది పోయారు, ఎక్కువగా ముసలివాళ్లే.

మీ నాయన సంగతీ అంతే. మదనపల్లె 700 మీటర్ల ఎత్తున ఉంది. ఆ గాలి మంచిదనే కదా 1915లోనే ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి పెట్టారు! అక్కడి ఒళ్లు ఉన్నట్టుండి ఇక్కడి ఎండకు తట్టుకోదు, అలవాటు పడేందుకు ఒకటి రెండు వారాలు కావాలి. ఊరు ఏదని కాదు, నెల మార్చండి. మోకాళ్లు జూలై దాకా ఆగవా? బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్ర వాడుతుంటే ఎండాకాలానికి మోతాదు మార్చాలేమో డాక్టరును అడగండి, సొంతంగా ఆపొద్దు.

ఒంగోలు వాడు:
అక్కా, మా ఊళ్లో 37 ఉన్నా ఉక్కపోత. చెమట పడుతుంది కానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. రాత్రి కూడా తెరిపి ఉండదు. 'సముద్రం పక్కన చల్లగా' అనేది సాయంత్రం బీచికి వచ్చేవాళ్ల మాట.

పాకాల అబ్బాయి:
ఆ లెక్కలను మరీ నమ్మొద్దు. వడదెబ్బ చావు అని తేల్చాలంటే తహసీల్దారు, ఎస్సై, డాక్టరు ముగ్గురూ ఒప్పుకోవాలి. పొలంలో పడిపోయిన కూలీ లెక్కకొస్తాడు. రేకుల ఇంట్లో రాత్రి నిద్రలో గుండె ఆగిన ముసలాయన రాడు. తక్కువ రాసుకున్నంత మాత్రాన మన వైపు తక్కువ పోయినట్టు కాదు.

కొర్లగుంట కోడలు:
ఆ మాటకు భయమేసింది. మేం ఇద్దామనుకున్నది మిద్దె మీది గదే, రాత్రి పదకొండుకు కూడా స్లాబు సెగ కొడుతుంది. జూలైకి మార్చమని ఆసుపత్రికి ఫోన్ చేశాను. తోటకు పొద్దున్నే పోయి తొమ్మిదికల్లా వచ్చెయ్యమంటే మాత్రం నాయన నవ్వుతున్నాడు. ఆయనకు చెప్పడం ఎట్లాగో కూడా రాయండి.