మన తప్పు మనమే ముందు చెప్పేస్తే ఆత్మవిశ్వాసం తగ్గుతుందా?

చిన్నఅక్షరాలు:

పోయిన నెల నేను చేసిన ఎక్సెల్ షీట్‌లో ఫార్ములాను చివరి వరస దాకా లాగలేదు. 9 వరసలు మొత్తంలో కలవలేదు. ఎవరూ గమనించలేదు. మీటింగ్ మొదలవగానే నేనే చెప్పాను: "నిన్న పంపిన మొత్తం తప్పు. 9 వరసలు వదిలేశాను. సరిచేసిన షీట్ ఇప్పుడే పంపాను."

అక్కడ ఎవరూ ఏమీ అనలేదు. బయటికొచ్చాక మా సీనియర్ ఒకాయన పక్కకు పిలిచి, "గుట్టుగా సరిచేసి పంపాల్సింది. నీ లోపాలు నువ్వే చాటుకుంటే రేపు నీ మాట ఎవరు వింటారు? ముందు నీ మీద నీకు నమ్మకం ఉన్నట్టు కనబడాలి" అన్నారు. నా మంచి కోరే చెప్పారు, అందులో అనుమానం లేదు. కానీ ఆ రోజు నుంచి మీటింగ్ అంటే టెన్షన్. నోరు తెరిచే ముందు ఆగిపోతున్నాను. నిజంగా నేను చేసింది తప్పా? మీ అనుభవం చెప్పండి.

ఎదురీత:

మీ సీనియర్ చెప్పిందే నిజం. వినడానికి బాగుండదు, అంతే. వినేవాళ్లందరూ ఒకేలా వినరండి. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నాయన "పొరపాటు పడ్డాను" అంటే ఎంత నిజాయితీ అని మెచ్చుకుంటారు. చేరి ఆరు నెలలైన అమ్మాయి అదే మాట అంటే "ఈ అమ్మాయికి ఇంకా పని రాలేదు" అని గుర్తుపెట్టుకుంటారు. ఈ తేడా నేను దగ్గర నుంచి చూశాను. లోపం తెలుసుకోవడం మీ బాధ్యత, ఒప్పుకుంటాను. దాన్ని పదిమందిలో చెప్పడం బాధ్యత కాదు.

పాతనోట్‌బుక్:

నేను లెక్కలు చెప్తాను. ఆత్మవిశ్వాసం ఒక పక్క, లోపాల ఎరుక ఇంకో పక్క పెట్టి తూచడంలోనే పొరపాటు ఉందని నాకనిపిస్తుంది.

నా దగ్గరికి వచ్చే ఒక అమ్మాయి ప్రతి నోట్‌బుక్ మొదటి పేజీలో "నేను లెక్కల్లో వీక్" అని రాసుకునేది. తిట్టలేదు, పొగడలేదు. పాత పరీక్ష పేపర్లు ఐదు తెమ్మన్నాను. ఇద్దరం కూర్చుని తప్పు పడిన ప్రతిచోటా ఎర్ర పెన్నుతో చుట్టాం. మొత్తం 11 తప్పులు. అందులో 8 ఒకే రకం: సమానం గుర్తుకి అవతలి పక్కకి తీసుకెళ్లేటప్పుడు మైనస్ మార్చడం మర్చిపోవడం. ఆ పిల్ల ఆ ఎర్ర సున్నాల వైపు చాలాసేపు చూసి, "అయితే నాకు రానిది ఇదొక్కటేనా సార్?" అంది. తర్వాత వారం నుంచి ప్రతి మైనస్ పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టుకోవడం మొదలుపెట్టింది. "వీక్" అన్నంతకాలం చేయడానికి ఏమీ లేదు. మైనస్ అని తెలిశాక చేయాల్సిన పని కళ్లెదుట ఉంది. ఆ పిల్లకి ధైర్యం అక్కడే వచ్చింది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 1999లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన డన్నింగ్, క్రూగర్ ఒక పరిశోధన ప్రచురించారు. తర్కం, వ్యాకరణం లాంటి పరీక్షలు పెట్టి, మీకెంత వచ్చి ఉంటుందో మీరే చెప్పమన్నారు. అందరికంటే వెనకబడిన పాతిక శాతం మందిని చూస్తే, వందమంది వరుసలో కింది నుంచి సగటున 12వ చోట ఉండాల్సినవాళ్లు 62వ చోట ఉన్నామనుకున్నారు. గురివింద గింజ సామెత మనకు ఊరికే రాలేదు. ఆ లెక్కలో కొంత భాగం గణాంకాల గారడీయే అని తర్వాత వాదించినవాళ్లూ ఉన్నారు. నాకు ముఖ్యమనిపించింది వేరే: అదే పరిశోధనలో వెనకబడినవాళ్లకి తర్కంలో కాస్త శిక్షణ ఇచ్చాక, తమ స్థాయిని ముందుకంటే సరిగ్గా అంచనా వేసుకోగలిగారు. అంటే తన లోపం తనకు కనబడాలన్నా కొంత పని వచ్చి ఉండాలి. చిన్నఅక్షరాలు గారూ, ఆ 9 వరసలు మీకు కనబడ్డాయంటే మీకు పని వచ్చనే అర్థం.

రన్‌వే:

విమాన భద్రతకి సంబంధించిన శిక్షణలో పనిచేస్తాను. మా క్లాసులో తప్పకుండా చెప్పే ప్రమాదం స్పెయిన్‌కి చెందిన టెనెరిఫే దీవిలో జరిగింది. 1977 మార్చి 27, పొగమంచు, ఒకే రన్‌వే మీద రెండు బోయింగ్ 747లు. టేకాఫ్ మొదలుపెట్టిన కెప్టెన్ ఆ సంస్థలో ఎంతో పేరున్న శిక్షకుడు. ఎదుటి విమానం రన్‌వే ఖాళీ చేసిందా అని ఫ్లైట్ ఇంజినీర్ సందేహపడి అడిగాడు. చేసిందని కెప్టెన్ గట్టిగా చెప్పాడు. ఇంజినీర్ మళ్లీ అడగలేదు. 583 మంది చనిపోయారు.

కారణాలు ఇంకా చాలా ఉన్నాయి, మొత్తం ఆయన మీదే వేయడం అన్యాయం. కానీ ఆ ఒక్క జవాబు దగ్గర నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. ఆయనకి నమ్మకం తక్కువై కాదు ఆ ప్రమాదం జరిగింది.

పైలట్ చెక్‌లిస్ట్ చదువుతుంటే ఈయనకి నడపడం రాదేమో అని ఎవరైనా అనుకుంటారా? మనిషన్నాక మర్చిపోతాడని తెలిసినవాడే దాన్ని చేతిలోకి తీసుకుంటాడు.

ఎదురీత:

రన్‌వే గారూ, మీ ఉదాహరణ నా పక్షానే నిలబడుతుంది. అమెరికాలో 1976 నుంచి నాసా నడిపే ఒక ఏర్పాటు ఉంది కదా, పైలట్లు తమ పొరపాట్లు రాసి పంపితే పేర్లు తీసేసి భద్రపరుస్తారు. అంటే చెప్పినవాడిని కాపాడాకే చెప్పమన్నారు. ఆ కాపుదల మన ఆఫీసుల్లో ఏది? ముందు అది ఇవ్వండి, అప్పుడు నిజాయితీ గురించి మాట్లాడదాం. చిన్నవాళ్లని ఒంటరిగా ముందుకు తోసి ధైర్యవంతులనడం నాకు నచ్చదు.

రన్‌వే:

ఆ మాట ఒప్పుకుంటాను. చెప్పమనే పెద్దవాళ్లే ముందు తమ తప్పు చెప్పాలి.

వెన్నెలగది:

మీరంతా లోపాలు తెలియనివాళ్ల గురించి, దాచేవాళ్ల గురించి మాట్లాడుతున్నారు. నాలాంటివాళ్ల సంగతేంటి? నాకు నా లోపాలు తప్ప ఇంకేం కనబడవు. ఎవరైనా బాగా చేశావంటే, ఇంకా నా అసలు రూపం చూడలేదనుకుంటాను. 1978లోనే క్లాన్స్, ఐమ్స్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు బాగా రాణించిన మహిళల్లో ఈ భావాన్ని గమనించి దానికి ఒక పేరు పెట్టారని చదివినప్పుడు, నేనొక్కదాన్నే కాదని ఏడుపొచ్చింది.

నేను చాలా ఏళ్లు దీన్ని నిజాయితీ అనుకున్నాను. కాదు. మీటింగ్‌లో తొమ్మిది వరసలు తప్పు అని చెప్పడం నిజాయితీ. రాత్రి రెండింటికి లేచి "నేనింతే, దేనికీ పనికిరాను" అనుకోవడంలో నిజం ఎక్కడుంది? అది కూడా తప్పుడు లెక్కే, ఇటు పక్కకి తప్పింది. తనని తాను కొట్టుకుంటే బాగుపడతామన్నదీ నిజం కాదు. 2012లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు కష్టమైన పరీక్షలో తప్పిన విద్యార్థుల్లో కొందరికి తమ మీద తాము దయగా ఉండమని చెబితే, రెండో పరీక్షకి వాళ్లే మిగతావాళ్లకంటే ఎక్కువసేపు చదివారు.

చిన్నఅక్షరాలు గారూ, మీటింగ్‌లో మీరు "సారీ, నేనెప్పుడూ ఇంతే" అనలేదు చూడండి. ఆ మాట చేరి ఉంటే నేను కూడా మీ సీనియర్ పక్షమే.

చిన్నఅక్షరాలు:

అందరికీ థాంక్స్. నిన్న ధైర్యం చేసి మా సీనియర్‌ని అడిగాను, మీకెప్పుడైనా ఇలా జరిగిందా అని. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తప్పు తనే ఒప్పుకున్నారట. రెండేళ్లు ఏ పెద్ద పనీ ఇవ్వలేదట. ఎదురీత గారు చెప్పిందే ఆయనకి జరిగింది. ఆయన మీద నాకున్న కోపం అక్కడితో పోయింది.

అయినా నేను చెప్పడం మానను. వెన్నెలగది గారు చూపించిన తేడా మాత్రం పట్టుకుంటాను: ఎక్కడ తప్పింది, ఎంత తప్పింది, ఏం సరిచేశాను, అంతవరకే. నా గురించి తీర్పు ఇవ్వను. రేపు ఈ నెల షీట్ పంపాలి. పంపే ముందు చివరి వరస దాకా ఒకసారి చూసిపెట్టమని ఆయన్నే అడిగాను. సరే, పొద్దున్నే తీసుకురా అన్నారు.

ఎదురీత:

ఆయన షీట్ కూడా మిమ్మల్ని చూడమన్న రోజు ఇక్కడ రాయండి. నేను ఎదురుచూస్తుంటాను.