రోడ్డు పక్కన ఎలుగుబంటి కనిపిస్తే, ఒక్కరే డ్రైవ్ చేసేవాళ్లు కారు ఆపాలా వద్దా?

ఒంటరి_స్టీరింగ్:
వచ్చే జూన్‌లో కెనడాలోని కాల్గరీలో కారు అద్దెకు తీసుకుని బాన్ఫ్, లేక్ లూయిస్, జాస్పర్, మౌంట్ రాబ్సన్ మీదుగా వాంకూవర్ దాకా వెళ్దామనుకుంటున్నా. ఒక్కడినే. కాల్గరీలో ఉండే మా కజిన్‌కి చెబితే, "ఎలుగుబంటి కనిపించినా బండి ఆపకు, ఆపడమే తప్పు" అన్నాడు. అంత ఖర్చు పెట్టుకుని వెళ్లేదే వాటిని చూడ్డానికి కదా! కనిపించాక కూడా తల తిప్పుకుని పోవాలా? అక్కడుండేవాళ్లు చెప్పండి.

కాల్గరీ_బాబాయి:
మీ కజిన్ సరిగ్గానే చెప్పాడు. నేషనల్ పార్కులు చూసుకునే ప్రభుత్వ సంస్థ పార్క్స్ కెనడా వాళ్ల సలహా కూడా, వీలైతే ఆగకుండా పొమ్మనే. జూన్‌లో పైన కొండల మీద మంచు ఇంకా కరగదు. ఎండ తగిలే రోడ్డు అంచుల్లో మాత్రం గడ్డి, డాండిలయన్లు ముందే వచ్చేస్తాయి. గ్రిజ్లీలు (పెద్ద గోధుమరంగు ఎలుగుబంట్లు), నల్ల ఎలుగులు వాటికోసం దిగుతాయి. పాపం దాని తిండి అది తింటుంటే మీరు ఆగుతారు, మీ వెనకవాడు ఆగుతాడు, పది నిమిషాల్లో అక్కడో జాతర. రోజూ ఇదే తంతయితే దానికి మనిషన్నా, కారన్నా భయం పోతుంది. భయం పోయిన ఎలుగుబంటి ఎక్కువ కాలం బతకదు. క్యాంప్‌గ్రౌండ్‌లోకి వచ్చి ప్రాణం మీదకు తెచ్చుకుంటుంది, లేదా ఏదో బండి కింద పడుతుంది.

లెన్స్_పిచ్చి:
బాబాయి గారూ, మీరు చెప్పింది నలుగురు కూర్చున్న కారుకు సరిపోతుంది. అడిగినాయన ఒక్కడే వెళ్తున్నాడు, అది చూడండి. పక్కన మనిషుంటే వాళ్లు చూస్తారు, మనం రోడ్డు చూసుకుంటాం. ఒక్కడే ఉన్నప్పుడు ఆ రెండూ అతనే చేయాలి. లేక్ లూయిస్, జాస్పర్‌లను కలిపే ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే మీద స్పీడ్ లిమిట్ 90 కిలోమీటర్లు. గంటకు 90లో పోతూ ఎడమ పక్కనున్న గ్రిజ్లీని మెడ తిప్పి చూసేవాడు డేంజరా, షోల్డర్‌లోకి, అంటే రోడ్డు అంచు పట్టీలోకి తీసి, హజార్డ్ లైట్లు వేసి, కారులోనే కూర్చుని రెండు నిమిషాలు చూసేవాడు డేంజరా? "ఆపకు" అంటే జనం చూడకుండా పోరు. నడుపుతూనే చూస్తారు.

ఎడ్మంటన్_అక్క:
లెన్స్ తమ్ముడూ, వినడానికి బాగానే ఉంది. జాస్పర్ దగ్గర మలీన్ లేక్ రోడ్డు మీద నేను చూసింది చెబుతా. మలుపు తిరగ్గానే రెండు వైపులా కార్లు, సగం తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఒకాయన భుజాల మీద చిన్నపిల్ల. గట్టున నల్ల ఎలుగుబంటి. దాని మూతికి రెండు పక్కలా గడ్డి వేలాడుతోంది, నమలడం మాత్రం ఆపేసింది. తల ఎత్తి జనాన్ని చూస్తోంది. అది రోడ్డు దాటాలనుకుంటోందని చూసేవాళ్లెవరికైనా తెలుస్తుంది. రెండుసార్లు కిందికి వచ్చింది, రెండుసార్లూ కార్ల మధ్య సందు లేక వెనక్కెళ్లింది. అక్కడున్నవాళ్లంతా మొదట "కారులోనే రెండు నిమిషాలు" అనుకుని ఆగినవాళ్లే. ఎవరూ చెడ్డవాళ్లు కాదు. అది తినడం ఆపిందంటే మనం దాన్ని ఇబ్బంది పెట్టినట్టే అని ఎవరికీ తట్టలేదు, అంతే.

లెన్స్_పిచ్చి:
అక్కా, వాళ్లు దిగారు. నేను దిగమన్నానా? ఎలుగుబంటికి, తోడేలుకి, కూగర్‌కి (కొండ సింహం) 100 మీటర్లు, ఎల్క్‌కి (పెద్ద దుప్పి), కొండగొర్రెలకి, కొండమేకలకి 30 మీటర్లు దూరం ఉండాలన్న రూల్ నాకూ తెలుసు. జంతువుల్ని వేధిస్తే, తిండి పెడితే జరిమానా 25,000 డాలర్ల దాకా పోవచ్చనీ తెలుసు. టూర్ బస్సులు ఆగి యాభై మందికి చూపిస్తుంటే ఎవరికీ పట్టదు కానీ, ఒక్కడే కారులో వచ్చినవాడికి మాత్రం ఇన్ని నీతులు!

కాల్గరీ_బాబాయి:
బస్సులు ఆగడం కూడా తప్పే, దాన్ని నేనేమీ వెనకేసుకు రావట్లేదు.

నకోడా సంగతి మీకు తెలిసే ఉంటుంది. బాన్ఫ్ పక్కనే ఉన్న యోహో పార్కులో తిరిగిన తెల్ల గ్రిజ్లీ. పార్కు లెక్కల్లో 178వ నంబర్, స్థానికులు ముద్దుగా పెట్టుకున్న పేరు నకోడా. దాన్ని చూడ్డానికి ట్రాన్స్ కెనడా హైవే మీద బండ్లు ఎంతలా ఆగేవంటే, అక్కడ ఆగకూడని జోన్ పెట్టాల్సి వచ్చింది. 2024 జూన్ 6న పొద్దున దాని రెండు పిల్లలు బండి తగిలి చనిపోయాయి. అదే రోజు సాయంత్రం దాన్నీ ఒక కారు గుద్దింది. కుంటుకుంటూ కంచె ఎక్కి అడవిలోకి పోయింది, బతుకుతుందేమో అనుకున్నారు. రెండు రోజులకు మెడకున్న జీపీఎస్ కాలర్ చావు సిగ్నల్ ఇచ్చింది.

లెన్స్_పిచ్చి:
బాధాకరమే. కానీ పూర్తిగా చెప్పండి. ఆ సాయంత్రం అది బెదిరింది రైలుకి. బెదిరి రోడ్డు మీదకు పరుగెత్తింది, ఒక కారు తప్పించుకుంది, రెండోది తప్పించలేకపోయింది. ఆగినవాడు కాదు గుద్దింది, పోతున్నవాడు.

కాల్గరీ_బాబాయి:
గుద్దినవాడిని నేనేమీ అనట్లేదు. హైవే పక్కన అంత ధీమాగా మేయడం దానికి ఎలా అలవాటైంది అన్నదే నా ప్రశ్న.

లెన్స్_పిచ్చి:
గడ్డి వల్ల. మీరే కదా పైన చెప్పారు, రోడ్డు అంచునే ముందు మొలుస్తుందని!

నల్లమల_నీడ:
నేను కెనడా చూడలేదు, కానీ ఈ వాదన మాకు కొత్త కాదు. శ్రీశైలం రోడ్డు మీద కార్లు ఆపి కోతులకు అరటిపళ్లు విసిరేవాళ్లు కూడా "రెండు నిమిషాలే" అంటారు. ఇప్పుడవి కారు స్లో అయితే చాలు, అద్దాల మీదకు వస్తాయి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేట్లు వేస్తారు కాబట్టి ఆ కాసేపైనా అడవి అడవిలా ఉంటోంది. అక్కడ అలాంటిది లేదా?

ఫీల్డ్_సీజన్:
ఉంది. నేను అటువైపు ఒక లాడ్జిలో వేసవి ఉద్యోగం చేశాను. బాన్ఫ్ దగ్గర బో వ్యాలీ పార్క్‌వే తూర్పు భాగాన్ని మార్చి 1 నుంచి జూన్ 25 దాకా రాత్రి 8 నుంచి పొద్దున 8 వరకు మూసేస్తారు. ప్రశ్న అడిగినాయన జూన్‌లో వస్తున్నారు కాబట్టి ఇది గుర్తుంచుకోండి.

ఇంకో మాట. మీరంతా రోడ్లన్నిటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. బాన్ఫ్ పార్కులో ట్రాన్స్ కెనడా హైవేకి రెండు వైపులా ఎత్తైన కంచె ఉంది. జంతువులు దాటడానికి 6 పైవంతెనలు, 38 కింది దారులు కట్టారు. వాటివల్ల జంతువులు బండ్లకు తగలడం 80 శాతానికి పైగా తగ్గింది. అక్కడ ఆగడం అన్న ప్రశ్నే లేదు, అది నాలుగు లేన్ల హైవే. ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వేకి కంచె లేదు. లేక్ లూయిస్ నుంచి జాస్పర్ దాకా దాదాపు 230 కిలోమీటర్లు, ఎలుగుబంట్లు నేరుగా రోడ్డు మీదకే వస్తాయి. లెన్స్ గారి వాదనకు బలం ఉన్నది ఇక్కడే. కానీ ఆ షోల్డర్ మాట దగ్గర నేను ఒప్పుకోను. మలుపు అవతల ఆగిన కారు, వెనక వచ్చే ఆర్వీ (ఇల్లులాంటి పెద్ద బండి) నడిపేవాడికి కనపడదు. ఎలుగుబంటిని దాటి పోయి, పుల్‌ఔట్ (బండ్లు ఆపుకోవడానికి రోడ్డు పక్కన కట్టిన చోటు) వస్తే అందులో ఆగండి. అక్కణ్ణుంచి కనిపిస్తే కనిపించింది. రాకపోతే అంతే, వదిలేయండి. అసలు ఒక్కరే వెళ్లేవాళ్లకు నా సలహా వేరే. జంతువులు చూడ్డానికి ఒక రోజు గైడ్‌తో వెళ్లండి, డ్రైవింగ్ ఆయనది, కళ్లు మీవి. మిగతా రోజులు కొండలు చూస్తూ నడపండి. పేటో లేక్, అథబాస్కా గ్లేసియర్ ఎక్కడికీ పారిపోవు.

ఒంటరి_స్టీరింగ్:
ఇది బాగుంది. కారు దిగి నడిచే సంగతేంటి? లేక్ లూయిస్ పక్కనున్న మొరైన్ లేక్ దగ్గర లార్చ్ వ్యాలీ కాలిబాట ఒక్కడినే ఎక్కుదామనుకున్నా.

ఎడ్మంటన్_అక్క:
ముందు మొరైన్ లేక్‌కి మీ కారు పోదు. 2023 నుంచి సొంత బండ్లు ఆపేశారు, షటిల్ బుక్ చేసుకోవాలి. లార్చ్ వ్యాలీ, కాన్సొలేషన్ లేక్స్ దారుల్లో గ్రిజ్లీలు తిరిగే రోజుల్లో నలుగురికి తక్కువ కాకుండా, కలిసికట్టుగా నడవాలని ఆర్డర్ పెడతారు. అది సలహా కాదు, చట్టం. వెళ్లే ముందు పార్క్స్ కెనడా సైట్‌లో బులెటిన్ చూడండి. ఉంటే ట్రెయిల్ మొదట్లో నిలబడి ఇంకో ముగ్గురిని అడగండి, సిగ్గుపడక్కర్లేదు, అక్కడ అందరూ చేసే పనే. బేర్ స్ప్రే (ఎలుగుబంటి మీదకొస్తే కొట్టే మిరప స్ప్రే) విమానంలో రానివ్వరు, కాల్గరీలోనో కాన్‌మోర్‌లోనో కొనుక్కోండి. నడుముకు తగిలించుకోవాలి, బ్యాగ్ అడుగున ఉంటే దండగ. ఎండలో కారులో వదిలేయకండి, పేలిపోవచ్చు.

ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే మధ్యలో పెట్రోల్ సస్కాచివన్ క్రాసింగ్ దగ్గర మాత్రమే దొరుకుతుంది. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. ఒక్కరే కాబట్టి ఏ రాత్రి ఎక్కడ ఉంటారో మీ కజిన్‌కి రాసిచ్చి బయల్దేరండి.

లెన్స్_పిచ్చి:
సరే, షోల్డర్ వద్దు, పుల్‌ఔట్ అందాం. పుల్‌ఔట్‌లో, కారులోనే, రెండు నిమిషాలు. ఇప్పుడు బాబాయి గారికి ఓకేనా?

కాల్గరీ_బాబాయి:
ముందే రెండు కార్లు ఆగి ఉంటే?

లెన్స్_పిచ్చి:
అప్పుడు పోతాను.

కాల్గరీ_బాబాయి:
అయితే నాకు పేచీ లేదు. నేను మాత్రం ఆపను.