కోదాడ లాంటి ఊరికి ముందు ఏది కావాలి: ఒక ఫాస్ట్ ఛార్జరా, వార్డుకు నాలుగు ప్లగ్ పాయింట్లా?

ఖమ్మం క్రాస్‌రోడ్:
మన కోదాడలో ఎలక్ట్రిక్ ఆటోలు, స్కూటర్లు కళ్ల ముందే పెరిగాయి. కార్లూ వస్తున్నాయి. మున్సిపాలిటీ స్థలంలో, ప్రజల డబ్బుతో ఛార్జింగ్ పెట్టాలంటే ముందు ఏది పెట్టాలి? నా ఓటు బస్టాండ్ దగ్గర 60 కిలోవాట్ల ఫాస్ట్ ఛార్జర్‌కే. ఎలక్ట్రిక్ బండ్ల కోసం కేంద్రం తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో ఛార్జింగ్ స్టేషన్లకే 2,000 కోట్లు పెట్టారు. మనమూ అడగాలి. హైదరాబాద్-విజయవాడ హైవే మీదున్న ఊరు మనది. కారు ముప్పావుగంట ఆగితే అందులోని నలుగురూ ఇక్కడే టిఫిన్ తింటారు.

అద్దె ఇల్లు:
హైవేలో వెళ్లేవాళ్ల కోసం హోటళ్లు, పెట్రోల్ బంకులు ఎలాగూ పెట్టుకుంటాయి. వాళ్లకు అందులో వ్యాపారం ఉంది. ఊళ్లో ఉండే మా సంగతేమిటి? మాది మొదటి అంతస్తు, స్కూటర్ కింద సందులో ఉంటుంది. ప్లగ్ ఇవ్వడం కుదరదన్నారు ఓనర్ గారు. ఏడాదిగా కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ వైరు దించి ఛార్జింగ్ పెడుతున్నాను. వాన చప్పుడు వినపడితే రాత్రి రెండింటికైనా లేచి తీసేయాలి. చిన్నపిల్లలున్న ఇల్లు, రోజూ అదే టెన్షన్. సొంత పార్కింగ్ ఉన్నవాళ్లు ఇంటి రేటుకే నింపుకుంటారు. మేం బయట నింపితే దాని మీద 18 శాతం జీఎస్టీ. బండికి మాత్రం 5 శాతమే!

ఆటో స్టాండ్:
ఫాస్ట్ ఛార్జర్ గన్ మా ఆటోకు పట్టదన్నా. మా బ్యాటరీ ఏడెనిమిది యూనిట్లు, మామూలు 15 ఆంప్స్ ప్లగ్ చాలు. మధ్యాహ్నం రెండు గంటలు గిరాకీ ఉండదు. ఆ టైములో స్టాండ్‌లోనే ప్లగ్ ఉంటే సాయంత్రం ఇంకో నలభై కిలోమీటర్లు తిరుగుతా. ఇప్పుడు ఇంటికెళ్లి పెట్టి, మళ్లీ రావాలి.

ఖమ్మం క్రాస్‌రోడ్:
మీ ఇద్దరి ఇబ్బందీ నిజమే, కాదనను. కానీ ప్లగ్ పాయింట్లు ఎవరు చూసుకుంటారు? వేరే ఊళ్లో ఒకచోట చూశాను, పెట్టిన ఆర్నెల్లకే డబ్బాకు తాళం, తాళానికి తుప్పు. ఫాస్ట్ ఛార్జర్ అయితే నడపడానికి కంపెనీ ఉంటుంది, చెడిపోతే అడగడానికి మనిషి ఉంటాడు.

వైరింగ్ పని:
ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నా. 60 కిలోవాట్ల లోడ్ అంటే దానికి తగ్గ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. కార్లు వచ్చినా రాకపోయినా నెలనెలా ఫిక్స్‌డ్ ఛార్జీ కట్టాలి. అదే లోడ్‌తో 3.3 కిలోవాట్ల పాయింట్లు పద్దెనిమిది పెట్టొచ్చు. ఫోన్‌తో స్కాన్ చేసి డబ్బు కడితేనే ఆన్ అయ్యే సాకెట్లు దొరుకుతున్నాయి, కాబట్టి బిల్లు గొడవ ఉండదు. ఛార్జింగ్ పెట్టడానికి లైసెన్స్ అక్కర్లేదని కేంద్ర విద్యుత్ శాఖ 2018లోనే చెప్పింది. కిరాణా కొట్టు ముందైనా పెట్టుకోవచ్చు. ఒక్కటే, ఎర్తింగ్ గట్టిగా చేయించాలి. ఎర్త్ సరిగా లేకపోతే కొన్ని బండ్లు ఛార్జింగే తీసుకోవు, జనం పాయింట్ చెడిపోయిందనుకుంటారు. పైన చెప్పిన డబ్బాలు మూలపడడానికి అదీ కారణం కావచ్చు.

కారు వాళ్ల గురించీ చెప్పాలి. 30 యూనిట్ల బ్యాటరీని 20 నుంచి 80 శాతానికి తేవాలంటే 18 యూనిట్లు. ఈ 3.3 కిలోవాట్ల పాయింట్ మీద ఐదున్నర గంటలు పడుతుంది. దారిన పోయేవాళ్లకు ఇది పనికిరాదు.

ఖమ్మం క్రాస్‌రోడ్:
ఫిక్స్‌డ్ ఛార్జీ సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు. సరే, ముందు పాయింట్లే అనుకుందాం. రాత్రంతా బండి బయట వదిలితే బ్యాటరీకి కాపలా ఎవరు?

అద్దె ఇల్లు:
కూరగాయల మార్కెట్ షెడ్డు రాత్రిపూట ఖాళీనే. పైకప్పు ఉంది, లైట్లు ఉన్నాయి. అక్కడ ఆరు పాయింట్లు పెట్టినా చాలు, నేను కిటికీలోంచి వైరు దించడం మానేస్తా.

ఆటో స్టాండ్:
అక్కడ పెడితే మా వాళ్లు ఇద్దరు వంతులవారీగా పడుకుంటారు. బండికి రాత్రికి పది రూపాయలిచ్చినా చాలు. వార్డు కౌన్సిలర్ గారిని అడగడానికి నేనూ వస్తా, రోజు చెప్పండి.