‘గుర్తింపు’ అనవచ్చునా, ‘ఆనవాలు’ అనాలా?

ప్రశ్న: ‘సన్నిహిత జంట తారలలో మిల్లీసెకను పల్సార్ల గుర్తింపు’ అని ఒక వ్యాసానికి పేరు పెట్టాను. (పల్సార్లంటే గిరగిర తిరుగుతూ క్రమం తప్పక స్పందనాలు పంపే మృత తారలు; మిల్లీసెకను పల్సార్లు కొద్ది మిల్లీసెకన్లకే ఒక చుట్టు తిరుగుతాయి.) చదివిన మిత్రులొకరు, పల్సార్లకు ఆ గుర్తింపు ఎవరిచ్చారని అడిగారు. సరైన మాట ఏది?

జవాబు: ఆ ఆక్షేపణ సబబే. నేటి వాడుకలో ‘గుర్తింపు’ అనగానే కార్డో గౌరవమో స్ఫురిస్తుంది. ‘కనుగొనడం’ కొంత మేలు గాని, తెలియనిది తొలిసారి కంటబడినప్పుడు చెల్లే మాట అది. ఇక్కడ తరచు జరిగేది వేరు. జె1311-3430 అనే పల్సార్ సంగతే చూడండి. ఆ దిక్కు నుంచి గామా కిరణాలు వస్తున్నాయని 1990లలోనే తెలుసు, వాటిని వెలువరించేది ఏమిటో మాత్రం తెలియదు. 2012లో అక్కడ, సుమారు 94 నిమిషాలకొకసారి వెలుగు హెచ్చి తగ్గే మసక తార ఒకటి కనిపించింది; కానరాని తోడు ఏదో దానిని ఒక పక్కనే కాలుస్తున్నదని ఊహించారు. ఆ కక్ష్య లెక్కను పట్టుకొని, ఫెర్మీ అంతరిక్ష దూరదర్శిని 2008 నుంచి నమోదు చేసిన గామా కిరణాల రాక వేళలను సరిచూడగా, 2.56 మిల్లీసెకన్లకొకసారి వచ్చే స్పందనం అదే ఏడాది బయటపడి, ఆ కానరాని తోడు పల్సారేనని తేలింది. పల్సార్ మన వైపు వస్తున్నప్పుడు స్పందనాల మధ్య ఎడం తగ్గి, దూరమవుతున్నప్పుడు పెరుగుతుంది. జంట ఎంత దగ్గరిదైతే ఈ మార్పు అంత త్వరగా జరుగుతుంది కనుక, కక్ష్య తెలియకుండా వెతికితే స్పందనం చెదిరిపోయి చిక్కదు.

అంటే ముందు ఆనవాలు పట్టడం, తరువాత నిర్ధారించడం. ‘పోల్చుకోవడం’ ఇంకా చక్కని మాటే, కాని ఈనాటి చదువరికి అది సరిపోల్చడంగా వినిపిస్తుంది. ‘సన్నిహిత’ను కూడా మార్చండి. ఈ పల్సార్ తన తోడును కాల్చి హరిస్తున్నది. ఇటువంటి జంటలకు మగతోడును తినే సాలీడు పేరు పెట్టారు, ఆ పొందును సన్నిహితమనడం వింతగా ఉంటుంది. ‘దగ్గరి జంట’ చాలు.

ప్రశ్న: ‘పల్సార్ల ఆనవాళ్లు’ అంటే ఎప్పుడో నశించినవాటి జాడలని అనుకోరా?

జవాబు: అనుకోవచ్చు, అందుకే ‘ఆనవాలు పట్టడం’ అని క్రియతోనే ఉంచమంటాను. అయినా ఆ ధ్వని పూర్తిగా తప్పు కాదు: ఇవి ఒకప్పుడు వేగం ఉడిగి, తోడు తార నుంచి జారిపడిన పదార్థం వల్ల మళ్లీ గిరగిర తిరగసాగిన ముసలి పల్సార్లే.